మధ్యాహ్నపు కొర్రీలు

మా వంతెనకు పిల్లర్లు లేచాయి గానీ పైన స్లాబు పడలేదు. డబ్బు అయిపోయింది. ఏటి అవతలి ఒడ్డువాళ్ళు ఆస్పత్రికి రావాలంటే ఇప్పటికీ పడవే దిక్కు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందని మంత్రిగారి దగ్గర్నుంచి పడవవాడి దాకా మా రోడ్ల శాఖను తిట్టనివాడు పాపాత్ముడు. చివరికి అదనపు నిధులు కావాలని ఆర్థిక శాఖకు ప్రతిపాదన పంపాం. ఆ ఫైలు చూసే సూపరింటెండెంటును నేను.

ప్రభుత్వంలో డబ్బు అడిగితే ముందు వచ్చేవి కొర్రీలు. ఇదెందుకు, అదెంత, నిరుడు ఇచ్చిందేమైంది అని. ఆర్థిక శాఖలో మా ఫైలు పెద్దాయన ఒకరు చూసేవారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. మా సెక్షన్‌లో ఆయన పేరే 'ఈకలాయన'. మొదట్లో కొర్రీలు ఫైలు మీదే రాసి పంపేవారు. తర్వాత్తర్వాత నేరుగా నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు, అదీ అందరూ భోజనానికి లేచే వేళకు.

"అమ్మా, నేనే. అవతలి ఒడ్డున రోడ్డు వంపు తిరిగిందేం? తిన్నగా వేస్తే ఖర్చు తగ్గదూ?"

"తిన్నగా వేస్తే బడి మధ్యలోంచి పోతుంది సార్. పిల్లల్ని ఎటు తొయ్యమంటారు?"

"ఉండండి, రాసుకుంటున్నాను."

కాగితం మీద కలం గీసుకునే చప్పుడు వినపడేది. విసుక్కుంటూనే అన్నీ చెప్పేదాన్ని.

మా ఆయన పోయాక నాతో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు, నా నోరు అలాంటిది. ఇంటికెళ్తే తాళం తీసిన చప్పుడే పెద్ద కబురు. ఆఫీసులో టైపిస్టు పిల్లలు కిటికీ దగ్గర చేరి ఒకరి డబ్బాలోది ఒకరు రుచి చూస్తుంటే, నేను పనుందని చెప్పి బల్ల దగ్గరే ఉండిపోయేదాన్ని. దాచడమెందుకు, ఆ ఫోన్ కోసమే. రోజు మొత్తం మీద నా జవాబు కావాలనుకునే మనిషి ఆయనొక్కరే. ఫోన్ రాని రోజు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు.

వానలు మొదలయ్యాక కొర్రీలు వింతగా తయారయ్యాయి. పిల్లర్ల మీద పిట్టలు ఎన్ని వాలుతున్నాయి? సాయంత్రం నీడ ఏ వైపు పడుతుంది? పిట్టగోడ పెద్దవాళ్ళు చెయ్యి ఆనించుకునేంత ఎత్తులో ఉంటుందా? ఆర్థిక శాఖకు నీడతో పనేమిటని నవ్వుకున్నాను గానీ, సైటు ఇంజనీరును పట్టుకుని అన్నీ కనుక్కున్నాను. పిట్టల సంగతి అడిగినప్పుడు అతను నన్ను ఎగాదిగా చూశాడు.

మొన్న నిధులు మంజూరయ్యాయి. సెక్షనంతా చప్పట్లు కొట్టింది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. ఫైలు మూసేశాక ఇంక ఫోన్ ఎందుకొస్తుంది? ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. భోజనాల వేళ ఉండబట్టలేక, పిట్టగోడ సంగతి చెప్పాలన్న వంకతో నేనే ఆర్థిక శాఖకు ఫోన్ చేశాను. ఎవరో కొత్త ఆఫీసరు ఎత్తాడు.

"పిట్టగోడేంటి మేడం? మీ ఫైలు మీద కొర్రీలన్నీ ఎండాకాలంలోనే అయిపోయాయిగా. ఆ పెద్దాయన కూడా అప్పుడే రిటైరైపోయారు."

అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే వానాకాలమంతా ఆ మనిషి ఇంట్లో కూర్చుని, లేని కొర్రీలు వేసి, నా చేత ఉత్తపుణ్యానికి చాకిరీ చేయించుకున్నాడన్నమాట. పిట్టల్ని కూడా లెక్కపెట్టించాడు! ఆ రాసుకోవడం కూడా నాటకమే అయ్యుంటుంది. ఇంటి నంబరు అడిగి తీసుకున్నాను. కడిగి పారేద్దామనే ఫోన్ చేశాను.

మొదటి రింగు పూర్తికాకముందే ఎత్తారు. అంత ఆత్రంగా ఫోన్ ఎత్తే మనిషిని నేనెరుగుదును. ఇంట్లో నేనూ అలాగే ఎత్తుతాను, చాలాసార్లు రాంగ్ నంబరే. తిట్లన్నీ పక్కన పెట్టేశాను.

"రోడ్ల శాఖ నుంచండీ," అన్నాను.

ఆయన వెనకాల గిన్నెల చప్పుడు గానీ, మనిషి అలికిడి గానీ లేదు.

"తెలిసిపోయిందా అమ్మా?" అన్నారు. "నాదే తప్పు. డబ్బిచ్చేశారని పేపర్లో చూశాను. మంచిదే, వంతెన పూర్తవ్వాలి. కానీ ఇక మిమ్మల్ని ఏం అడగాలో తోచలేదు."

"అడగడానికి వంతెనే కావాలా ఏం?" అన్నాను. కోపంగా అందామనుకున్నాను, మాట అలా రాలేదు.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"మరి... భోంచేశారా అమ్మా?"

బల్ల మీద డబ్బా మూత కూడా తియ్యలేదు. కిటికీ దగ్గర పిల్లలు దేనికో నవ్వుతున్నారు. మా ఆయన పోయాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. డబ్బాను దగ్గరికి లాక్కున్నాను.

"ఇంకా లేదండీ," అన్నాను.