ఊట బిడ, బేడ

మా మామకు కన్నడం వచ్చని మా వీధి మొత్తానికీ నమ్మకం. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు బెంగుళూరులో చీరలు అమ్మాడు మరి. అక్కడ ఆయన బేరాలన్నీ తెలుగు మాట్లాడే దుకాణాల్లోనే జరిగాయని నాకు తెలిసేసరికి నా ఒంట్లో సత్తువంతా పోయింది.

మామ అంటే మా ఆయనే, పోతులయ్య. మా అమ్మకు తమ్ముడు కాబట్టి పెళ్ళయినా పిలుపు మారలేదు. ధర్మవరంలో మాది గుంత మగ్గం. పట్టుచీర నేయాలంటే ఇద్దరం పక్కపక్కన కూర్చోవాలి. నేను పావడాలు కట్టే వయసు నుంచే మగ్గం దగ్గర పెరిగినదాన్ని. రెండో కాన్పు తర్వాత ఒళ్ళు వచ్చింది. ఒళ్ళుతో పాటు మోకాళ్ళ నొప్పులూ వచ్చాయి. గుంతలోకి దిగడమే గగనమైపోయింది.

"ఉగాది దాకా చూద్దాం నీలా. తగ్గకుంటే చెన్నేకొత్తపల్లి దాసప్పను పెట్టుకుందాం" అన్నాడు మామ. మంచిగానే అన్నాడు. అయినా నాకు కడుపు మండిపోయింది. నా చోట్లో ఇంకొకరు కూర్చుంటే ఆ ఇంట్లో ఇక నేనెందుకు?

పట్టుబట్టి హిందూపురం తీసుకెళ్ళమన్నాను. అక్కడికి తుమకూరు నుంచి ఒక డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. హస్తవాసి మంచిదని పేరు, తెలుగు మాత్రం ఇంకా రాదు. తెలుగులో విడమరిచి చెప్పే నర్సు కూడా ఆ రోజు లేదు. డాక్టరమ్మ నన్ను కాటా ఎక్కించి, మోకాళ్ళు నొక్కి చూసి, చాలాసేపు ఏదో చెప్పింది. నడవమని వేళ్ళతో చూపించింది. చివర నా భుజం తట్టి, "ఊట బిడబేడమ్మా" అంది.

బయటికి రాగానే మామ గొంతు సవరించుకున్నాడు. "ఊట అంటే అన్నం. బిడ అంటే ఇడిసిపెట్టు. బేడ అంటే బేడలు. అన్నం ఇడిసిపెట్టి బేడల కట్టు తాగాలంట."

మా ఇళ్ళలో కందిపప్పును కందిబేడలనే అంటాం. ఇక అనుమానం ఎందుకొస్తుంది? ఆ మర్నాటి నుంచే ఒంటిపూట బేడల కట్టు మొదలుపెట్టాను. మొదట్లో బరువు తగ్గింది. మామ మీసం మెలేశాడు. ఆ తర్వాత కాటా ముల్లు మొండికేసింది. కట్టు సగం చేశాను, అయినా కదల్లేదు. ఎండ కాస్తున్నా నాకు చలి. దువ్వెన నిండా వెంట్రుకలు. పిల్లలు పలకరించినా విసుక్కునేదాన్ని. నడవమన్నది గుర్తుంది కానీ, గడప దాటే ఓపిక ఉంటేగా! ఉగాది మాత్రం దగ్గరికొచ్చేసింది.

మళ్ళీ హిందూపురం రైలెక్కాం. పెనుకొండలో ఒక ముసలావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. బాబయ్య దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి గౌరిబిదనూరు తిరిగి వెళుతోందట. కిటికీకి తల ఆనించి తూలుతున్న నన్ను చూసి, మూట విప్పి సంగటి ముద్ద చేతిలో పెట్టింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె నా వేళ్ళు ముద్ద చుట్టూ మూసి, "ఊట బిడబేడమ్మా" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఏందవ్వా, అన్నం మానుకోమంటానే చేతిలో పెడతాండావే?"

అవ్వకు కాస్త తెలుగు వచ్చు. "మానుకోమని యాడంటి? బేడ అంటే వద్దు అని. తిండి మానొద్దంటాండా తల్లీ."

నేను మామ వైపు తిరిగాను. మామ కిటికీలోంచి పెనుకొండ కొండను చూస్తున్నాడు, అంతకుముందు ఎన్నడూ చూడనట్టు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ముద్ద మాత్రం తినేశాను.

ఈసారి నర్సు వరలక్ష్మి ఉంది. లేపాక్షి మనిషి, రెండు భాషలూ వచ్చు. సంగతి చెబితే డాక్టరమ్మ తల పట్టుకుంది. తర్వాత ఆమె అడిగింది, వరలక్ష్మి తెలుగులో చెప్పింది. "పట్టు సరిగా దొరకని నెలలో మీరు మగ్గం ఎట్లాడిస్తారు?"

"నిదానంగా. ఉండేదాన్నే సాగదీసుకుంటాం."

"నీ ఒళ్ళూ అదే చేస్తాండాదంట. నువ్వు తిండి తగ్గించే కొద్దీ అది ఖర్చు తగ్గించుకుంటాది. కండ కూడా కరిగిపోతాది. మూడు పూటలా తిను. సంగటి, ఆకుకూర, గుడ్డు అన్నీ తిను. బేడలూ తినొచ్చంట! తిని నడువు. కండ పట్టిందంటే ఒళ్ళు మళ్ళీ పనిలో పడతాది."

తిరుగు రైల్లో మామ నోరు విప్పాడు. "ఉగాదికి వద్దు, దాసప్పను దసరాకు రమ్మంటాలే."

నేను తిని సన్నబడతానంటే వీధి వీధంతా నవ్వింది. "మేమూ అదే మందు వాడతాం నీలావతీ" అని ఎగతాళి. నేను తిన్నాను, తెల్లారగానే రైలు గేటు దాకా నడిచాను. మొదట ముల్లు కాస్త పైకే పోయింది. తిండి మానేయాలనిపించిన ప్రతిసారీ అవ్వ చేతి పట్టు గుర్తొచ్చేది. నెమ్మదిగా చలి పోయింది, నిద్ర పట్టింది, నడక పెరిగింది. అప్పుడు దిగింది ముల్లు, చాలా నింపాదిగా. మోకాళ్ళు నా మాట వినసాగాయి.

దసరా వెళ్ళగానే దాసప్ప సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు. "మగ్గానికి రమ్మంటివంటనే అన్నా?"

మామ నా వైపు చూశాడు. నేను గుంతలో, నా చోట్లో, పట్టు పోగు నింపిన నాడె చేతిలో పట్టుకుని ఉన్నాను.

"బేడ దాసప్పా, బేడ" అన్నాడు మామ.

దాసప్ప బిక్కమొహం వేశాడు. "బేడలా? యా బేడలన్నా?"

నాకు నవ్వు ఆగలేదు. దాసప్పకు వీధి చివర మగ్గంలో పని ఇప్పిద్దువులే గానీ, ముందు అన్నం పెట్టి పంపుదామన్నాను. మామ సంతోషంగా లేచాడు. మా ఆయన జీవితంలో ఆ ఒక్క కన్నడం ముక్క సరిగ్గా మాట్లాడాడు.