మూల విస్తరికి నెయ్యి

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. నువ్వూ రా నాయనా, ఆ గోడకి ఆనుకుని నిలబడితే ఏం వినపడుతుంది? తిన్నారా? తినకపోతే తినే రండి. నేను చెప్పబోయేది ఖాళీ కడుపుతో వినదగ్గ కథ కాదు.

నేను ఒక నేతి గిన్నెను. అజ్జరం ఊళ్ళో కంచరి కొలిమిలో కరిగి, మూసలో పడి, ఇసుకతో ఒళ్ళంతా తోమించుకుని ఈ రూపానికొచ్చాను. నన్ను చేసినాయన నా అంచు మీద గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, "గొంతు బాగుంది" అని పక్కన పెట్టాడు. అక్షరమ్ముక్క రాదు నాకు. కానీ నన్ను పట్టుకున్న చెయ్యి ఏదైనా సరే, దాని వేడీ, వణుకూ, పిసినారితనమూ అన్నీ జ్ఞాపకమే. మీకు మరుపనే వరం ఉంది. కంచుకి ఆ వరం ఇవ్వడం దేవుడు మరిచిపోయాడు.

నన్ను కొన్నది గవర్రాజుగారు. రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర్లో ఆయనా, ఆయన భార్య పేరిందేవమ్మా భోజనాల మెస్సు పెట్టారు. వంట ఆవిడది, వడ్డన ఆయనది. నేలమీద చాపలు, చాపల ముందు విస్తరాకులు, ఒక బంతి లేస్తే ఇంకో బంతి. గవర్రాజుగారికి ఒక పట్టుదల ఉండేది. తినేవాడు "చాలు" అని నోటితో అనేదాకా నెయ్యి పోసే చెయ్యి ఆపకూడదు.

"బంగారం పోసినా ఇంకా కావాలంటాడండి మనిషి. చాలనిపించేది అన్నం ఒక్కటే. ఆ మాట వినకుండా చెయ్యి తీసేస్తే పెట్టినట్టే కాదు," అనేవాడు.

"ఆ మాట వినేలోపు మనం చిప్ప పట్టుకోవాలండోయ్!" అని వంటింట్లోంచి పేరిందేవమ్మ కేకేసేది. బంతంతా గొల్లుమనేది.

తినేవాళ్ళ దగ్గరికి వంగి వంగి తిరిగిన దాన్ని కదా, ఎన్ని రకాల మనుషుల్ని చూశాననుకున్నారు! "వద్దు, వద్దు" అంటూ చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ళ మధ్య నెయ్యి పట్టేంత సందు వదిలేవాళ్ళు. భార్యతో వచ్చినప్పుడు "నాకు నెయ్యి పడదండి" అని, ఒక్కడే వచ్చినప్పుడు రెండుసార్లు పిలిచేవాళ్ళు. ఇంట్లో పప్పులో ఉప్పు ఒక రవ్వ తగ్గితే కంచం తోసేసే మగవాళ్ళు ఇక్కడ మాడిన వేపుడు కూడా "ఆహా" అంటూ తినేవాళ్ళు. పొరుగింటి పొయ్యి మీద ఉడికితే చాలు, మీకు అన్నీ రుచే.

ఒక శ్రావణంలో గోదావరి ఎర్రగా పొంగింది. ఏటి మధ్య లంకల్లో వెన్న బాగుంటుందని గవర్రాజుగారు పడవెక్కి వెళ్ళాడు. తిరుగు దారిలో పడవ బోల్తాపడింది. పడవ దొరికింది. వెన్నకుండ మూత కూడా ఊడకుండా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు. శవం దొరకలేదు గనక కొన్నేళ్ళు చూసి దర్భబొమ్మతో కర్మ చేద్దామన్నారు పెద్దలు.

"నా కళ్ళతో చూడలేదు. నేనొప్పుకోను," అంది పేరిందేవమ్మ. మళ్ళీ మెస్సు తెరిచిన రోజు, బంతి చివర, వాకిలి మూలన ఒక విస్తరి ఎక్కువ వేసింది. అన్నం పెట్టి, పప్పు వేసి, నన్ను వంచింది. "రాగానే ఆకలంటారు కదా," అని తనలో తానే గొణుక్కుంది.

ఏం జరిగిందో చెప్తాను, భయపడకండి. మిట్టమధ్యాహ్నం అది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మూల విస్తరి మీద నెయ్యి పడగానే అన్నం మీద లేస్తున్న ఆవిరి ఆగిపోయింది, ఎవరో దాని మీదికి ముఖం వంచినట్టు. నా అంచు మీదుగా ఒక చల్లదనం పాకి నా అడుగుదాకా వచ్చింది. ఏటి ఒండ్రు వాసన. అన్నం ముద్దలో అయిదు వేళ్ళ గుంటలు పడ్డాయి. విస్తరి ముందు ఎవరూ లేరు. మెతుకులు మాత్రం మెల్లగా తగ్గిపోతున్నాయి.

పేరిందేవమ్మ అరవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, అక్కడే చతికిలబడి, ఆకు ఖాళీ అయ్యేదాకా చూసింది. మర్నాడూ వేసింది. మర్నాడూ ఆకు ఖాళీ అయింది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, పాత అలవాటు మీద, "ఇంకాస్త వెయ్యనా?" అని అడిగింది ఆవిడ. అడిగీ అడగగానే ఆవిడ చెయ్యి వణికి ఆగిపోయింది. ఆ వణుకు నాకింకా గుర్తుంది. ఆయన ఇన్నాళ్ళూ వస్తున్నది ఆకలి తీరక. తీరిందంటే నోరు తెరిచి ఆ మాట అంటాడు. అన్నాక ఇక రావలసిన పనేముంది?

ఆ రోజు నుంచి మూల విస్తరికి సగం ముద్ద అన్నం, ఒకే ఒక్క చుక్క నెయ్యి. కడుపు నిండకుండా, ఆకలి చావకుండా. మొగుడి మీద ప్రేమ కొద్దీ మొగుణ్ణి పస్తు పెట్టిన ఇల్లాలిని నేను ఆవిణ్ణొక్కదాన్నే చూశాను.

మెస్సుకి రోజూ వచ్చే కోర్టు గుమాస్తా అవతారంగారికి నోటి దురద ఎక్కువ. "ఏవండీ పేరిందేవమ్మగారూ, ఆ మూలాకు ఎవరికండీ? మీ ఆయనక్కూడా ఒక్క చుక్కేనా? అమ్మమ్మా, ఆయనున్నప్పుడు మా మీసాలకి కూడా నెయ్యి అంటేది కదండీ!" అన్నాడు.

ఆవిడ ముఖం పాలిపోయింది. "మీ ముందున్నది మీరు తినండి అవతారంగారూ. పక్కాకుతో మీకు పనేంటి?"

ఆయన నవ్వుతూ ఎడమ మోచెయ్యి అటు జరిపాడు. నవ్వు ఆగిపోయింది. మోచెయ్యి తడిసి ఉంది. చేతి గుడ్డతో తుడుచుకుని, పెరుగు కూడా వేయించుకోకుండా లేచాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆ మూలకి దూరంగా, బంతి రెండో చివరే కూర్చునేవాడు.

పేరిందేవమ్మకి వయసు మీదపడ్డాక తోడుగా అన్నగారి కూతురు శేషారత్నం వచ్చింది. గవర్రాజుగారు పోయాక పుట్టిన మనిషి, ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ పిల్ల నన్ను మొదటిసారి పట్టుకున్నప్పుడు ఉలిక్కిపడ్డాను. ఆ మణికట్టులో ఆయన వంపే! ఎదుటివాడు చాలనేదాకా ఆగని చెయ్యి. పేరిందేవమ్మ కూడా అది కనిపెట్టింది.

"అన్ని ఆకులూ నీవే రత్నం. ఆ మూలది మాత్రం ముట్టుకోకు."

"ఎందుకత్తా?"

"ముట్టుకోకు అన్నానా!"

అలా నడుస్తుండగా గోదావరి గట్టు మీద రుచుల పండగ అని పెట్టారు. రంగు గుడారాలు, మైకులు, బోర్డులు. పాత మెస్సు కదా అని మనకీ ఒక గుడారం ఇచ్చారు. నన్ను చింతపండుతో తోమి, నా మెడకి బంతిపూల దండ వేశారు. ఆ తిండి సంగతి ఏం చెప్పమంటారు! ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని, ఎవరికి వాళ్ళే వడ్డించుకుని, నిలబడి, ఒకరి మోచెయ్యి ఒకరి పులుసులో ముంచుకుంటూ తింటున్నారు. పది గుడారాల్లో పది ముద్దలు కొరికి, ఏది బాగుందో తెలియక అన్నీ బాగున్నాయంటున్నారు. ఇంకా తింటారా అని అడిగే మనిషి లేడు. చాలు అని చెప్పించుకునే మనిషీ లేడు.

ఆ రోజు మెస్సు మూసేశారు. మూల విస్తరి వెయ్యలేదు. "ఒక్కపూటే కదా," అనుకుంది పేరిందేవమ్మ.

మిట్టమధ్యాహ్నం ఆవిణ్ణి శాలువా కప్పడానికి వేదిక మీదికి పిలిచారు. గుడారంలో రత్నం ఒక్కతే ఉంది. జనంలో ఒకాయన నిలబడి ఉన్నాడు, చేతిలో పళ్ళెం లేదు. పంచె మోకాళ్ళ దాకా తడి. ఎవరి పళ్ళేలవంకా చూడడంలేదు, నావంకే చూస్తున్నాడు. ఆయన చుట్టూ అంత తొక్కిసలాటలోనూ ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగానే ఉంది. పడవవాడనుకుంది రత్నం.

"తినలేదా బాబాయ్? ఇలా రండి. మొహమాటపడకండి."

అలంకారానికి కట్టిన అరిటాకు ఒకటి కోసి, గుడారం వెనక నేలమీద పరిచి, ఆయన్ని కూర్చోబెట్టింది. అన్నం పెట్టింది. నన్ను వంచింది. ఆ చల్లదనం నాకు తెలుసు, ఆ ఒండ్రు వాసన నాకు తెలుసు. అప్పటికి నాకు గొంతుంది గానీ మాట లేదు కదా! ఎలా చెప్పను? రత్నం పోస్తూనే ఉంది, ఆయన తింటూనే ఉన్నాడు. అన్నం గిన్నె అడుగంటింది. నా అడుగు కనబడింది. అప్పుడాయన తలెత్తి, ఎడమ చెయ్యి ఆకు మీద అడ్డం పెట్టాడు. వేళ్ళ మధ్య సందు లేదు.

"చాలమ్మా," అన్నాడు.

రత్నం మంచినీళ్ళు తేవడానికి అటు తిరిగి ఇటు వచ్చేసరికి ఆకు మడిచి ఉంది. నేలమీద తడి అడుగులు నాలుగైదు, అవీ ఎండకి ఆరిపోతున్నాయి.

శాలువాతో తిరిగొచ్చిన పేరిందేవమ్మ ఆ ఆకు చూసి ఆగిపోయింది. "ఎవరికి పెట్టావే?"

"ఎవరో పడవాయన అత్తా. పాపం ఎన్నాళ్ళ నుంచి తినలేదో. కడుపునిండా తిన్నాడు."

"ఏమన్నా అన్నాడా?"

"చాలమ్మా అన్నాడు."

శాలువా జారి మట్టిలో పడింది. "ఎంత పని చేశావే రత్నం! ఇన్నేళ్ళు ఆ మాట ఆయన నోట రాకుండా కాపాడుకొచ్చానే!" అంటూ ఆవిడ కూలబడి అంతా చెప్పింది.

రత్నం శాలువా తీసి మట్టి దులిపింది. ఆ తర్వాత మెల్లగా అంది. "ఆయన ఆకలితో ఉన్నాడు అత్తా. నువ్వు చూళ్ళేదు, నేను చూశాను. అన్నం చూసి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

పేరిందేవమ్మ ఆ మడిచిన ఆకుని ఒళ్ళోకి తీసుకుంది.

మర్నాడు మూలన విస్తరి వేసింది. పిసినారితనం లేదు, కొండంత అన్నం పెట్టి, నన్ను పూర్తిగా వంపేసింది. ఆవిరి లేచి లేచి తనంతట తానే తగ్గిపోయింది. నెయ్యి అన్నం మీదే తెల్లగా గడ్డకట్టింది. సాయంత్రానికి చీమలు పట్టాయి. ఆ రోజు నుంచి ఆవిడ తినడం తగ్గించేసింది. రత్నం బతిమాలి వడ్డిస్తే రెండు మెతుకులు కెలికి లేచేది. "ఇంకాస్త?" అంటే పలికేది కాదు, "చాలు" అనీ అనేది కాదు. అలాగే ఎండి, ఒక మాఘమాసంలో కన్నుమూసింది. రత్నం కర్మ లోటు లేకుండా చేసింది. ఇల్లుగలవాళ్ళు మెస్సు ఖాళీ చేయిస్తే సామాన్లన్నీ అమ్మేసి ఊరు వదిలి వెళ్ళింది.

చేతులు మారి మారి నేనిప్పుడు ఒక చల్లగదుల హోటల్లో, అద్దాల బీరువాలో ఉన్నాను. నా మీద ఒక దీపం. "పాతకాలపు సొగసు" అని జనం నా ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. నెయ్యి పోసే పని లేదు, తాళం తీసే వాళ్ళూ లేరు. ఇక్కడ వచ్చింది చల్లారాక తింటారు, ఎలా ఉందో ఫోనులో చుక్కలు పెట్టి చెప్తారు.

కానీ మిట్టమధ్యాహ్నం బయటివైపు నుంచి నా అద్దం మసకబారుతుంది. ఎవరో దగ్గరగా నిలబడి ఊపిరి విడిచినట్టు. చల్లగదుల మిషను పాడైందనుకుని రోజూ గుడ్డతో తుడుస్తున్నారు. తుడిచిన కాసేపటికి మళ్ళీ మసకేసి, ఆ మసకలో అయిదు వేళ్ళు పడతాయి. కట్టెల పొగ వాసన. ఆ చెయ్యి నాకు తెలుసు, దాని వణుకు నాకు తెలుసు. పేరిందేవమ్మ నన్నే చూస్తుంది. నేను అద్దం లోపల ఖాళీగా ఉంటాను.

అందుకే పిలిచాను మిమ్మల్ని. రత్నం కోటిపల్లి వైపు ఎక్కడో బడిపిల్లలకి వండుతోందని విన్నాను. మీకు దారి తెలియకపోయినా ఫరవాలేదు, ఈ కథ గుర్తుపెట్టుకుని కనబడిన నలుగురికీ చెప్పండి. బస్సులో చెప్పండి, బంతిలో పక్కవాడికి చెప్పండి. నోటా నోటా పడి ఏదో ఒకనాటికి ఆ పిల్ల చెవిన పడుతుంది. మీ అత్త ఆకలితో నిలబడి ఉంది రత్నం, ఒక విస్తరి వెయ్యి, చెయ్యి ఆపకు, అన్నానని చెప్పండి.