యాభై నాలుగు ఊళ్ళ ముహూర్తం

జగదీశ్వరి మౌసు మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నొక్కనండి," అంది.

ప్రాజెక్టు మేనేజరు కామేష్ ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. స్క్రీన్ మీద ఒక పచ్చటి బటను, దాని మీద 'ఆమోదించు' అన్న మాట. ఆ బటను కోసం ఆఫీసులో అందరికంటే ఎక్కువగా ఎదురుచూసిన మనిషి జగదీశ్వరే. అందుకే కామేష్‌కి ముందు నవ్వొచ్చింది.

"అదేంటండి, పీటల మీద కూర్చుని తాళి వద్దన్నట్టు!"

"పీటల మీద కూర్చున్నాకే కదండి పెళ్ళికొడుకు మొహం కనపడేది. ఇప్పుడే కనపడింది."

ఆ ఆఫీసు శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్‌కి దగ్గరలో, ఒక టైల్సు కొట్టు మేడ మీద ఉంది. యాభై నాలుగు ఊళ్ళకు కుళాయి నీళ్ళిచ్చే పనిని నరసింగరావు అనే కాంట్రాక్టరు చేయిస్తున్నాడు; ఈ కంపెనీ ఓనరు ఆయనే. ఏ ఊళ్ళో ఏ పని అయిందో మేస్త్రీలు సాయంత్రం ఫోన్లో చెబుతారు. జగదీశ్వరి దాన్ని కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తుంది. పనిని పర్యవేక్షించే కన్సల్టెన్సీ వాళ్ళకి వేరే సాఫ్ట్‌వేర్ ఉంది. అదే సమాచారాన్ని అందులోకి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచీ ఎక్కించాలి. ఒకే కూరని రెండు పొయ్యిల మీద వండినట్టు దాదాపు రెండేళ్ళు వండింది. చివరికి, రెండు సాఫ్ట్‌వేర్లనీ కలిపేస్తాం, ఇక్కడ రాస్తే అక్కడ దానంతటదే వచ్చేస్తుంది అన్నారు. ఆ రోజు ఇంటికి కోవా పట్టుకెళ్ళింది. కలిపేదాకా రెండోదాంట్లో ఏమీ రాయొద్దన్నారు కనుక మూడు నెలలుగా అది ఎక్కడిదక్కడే ఆగిపోయి ఉంది.

ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి కన్సల్టెన్సీ పెద్దల మీటింగు. ఆలోగా ఆమె లాగిన్‌లోంచి ఆమోదం వెళ్ళాలి. బటను పైన యాభై నాలుగు ఊళ్ళ జాబితా ఉంది. నొక్కితే అక్కడ ఏం కనపడుతుందో ముందుగా చూపించే జాబితా అది. దాన్ని ఎవరూ చదవరు. జగదీశ్వరి మాత్రం బియ్యంలో రాళ్ళేరినట్టు వరసగా ఊళ్ళ పేర్లు సరిచూసుకుంటూ వచ్చి, ఈ మధ్యే ఎక్కించిన ముప్పై ఏడో ఊరి దగ్గర ఆగిపోయింది.

"నీలమ్మపేట చూడండి. నీటి పరీక్ష పూర్తి అంటోంది."

"మంచిదే కదా."

"సోమవారం నేనే ఎక్కించాను. కుళాయిలు బిగించడం వరకే అయింది. పరీక్ష కాలేదు. ఆ పక్క గడి కూడా చూడండి."

పక్క గడిలో ఎర్ర అక్షరాలతో ఉంది: ట్యాంకరు సరఫరా ఒకటో తారీకు నుంచి రద్దు.

నీలమ్మపేట భావనపాడు వైపు సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె. అక్కడ బోరు వేస్తే ఉప్పు నీళ్ళే. రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరే వాళ్ళకి గుక్కెడు మంచినీళ్ళు. నీటి పరీక్ష గడి పచ్చబడితే ఆ ఊరికి కుళాయి వచ్చేసినట్టు లెక్క. ఇక మనిషి ప్రమేయం లేకుండానే ట్యాంకరు ఆగిపోతుంది.

"ఒక్క ఊరే కదా. ముందు నొక్కేయండి, తరవాత సరిచేద్దాం," అన్నాడు కామేష్.

జగదీశ్వరి ఆ వైపు పనులు చూసే మేస్త్రీ గంగరాజుకి వీడియో కాల్ చేసింది. గంగరాజు నీలమ్మపేటలోనే ఉన్నాడు. వెనక వలలు ఆరబెట్టి ఉన్నాయి.

"గంగరాజూ, కుళాయి తిప్పి చూపించు ఒకసారి."

"ఏటి తిప్పమంతారమ్మా? వాల్వు కాడ కారతన్నాది, ఇంకా ఇప్పనేదు. తిప్పితే గాలొస్తాది."

"ఆ గాలే చూపించు."

అతను తిప్పాడు. కుళాయి పిల్లిలా బుస్సుమని ఊరుకుంది. పక్కనే బిందెతో నిలబడ్డ ముసలావిడ ఫోన్లోకి తొంగిచూసింది. ఆ వీధిలో అందరికంటే పెద్దది, తాతమ్మ.

"ఎవులే ఆవిడ? ఏటంతాది?"

"ఆపీసమ్మగారే. మనకి నీళ్ళొచ్చీసినాయని అక్కడ కంపూటర్లో పడినాదట."

"ఓలమ్మో! ఏదీ, ఆ కంపూటర్ని ఓపాలి ఇలాగ తెమ్మను, బిందె దాని కింద ఎడతాను!" తాతమ్మ బిందెని ఫోన్‌కి అడ్డంగా ఎత్తింది. "సూడమ్మా, అడుగు కనపడతన్నాదా? పొద్దుటి కాణ్ణించి ఇలాగే ఉన్నాది. రేపు టేంకరొస్తాదని సూస్తన్నాం. అది గానీ మానిపించినావనుకో, నీ ఇంటికొచ్చి నీ కుండలో నీళ్ళు తాగుతాను. నాను మాటంతే మాటే."

"రా తాతమ్మా, ఇస్తాను. కానీ నీ ట్యాంకరు మానదు," అంది జగదీశ్వరి. అనేశాక, ఆ మాటకి తనే పూచీ అని ఆమెకి తెలిసింది.

ఫోన్ పెట్టేసి జాబితా మళ్ళీ మొదటి నుంచి చూసింది. గుమ్మడివలస. కొండ కింద ఊరు. దారి తగువుతో అక్కడ పని మొదలే కాలేదు. స్క్రీన్ మాత్రం తవ్వకం పూర్తి అంటోంది. తవ్వకం మాత్రమే అయిన ఊరికి పైపులు వేసేసినట్టు ఉంది. పైపులు వేసిన ఊరికి కుళాయిలు బిగించినట్టు ఉంది. ఏ ఊరు చూసినా ఒక్క మెట్టు ముందుకి జరిగి కూర్చుంది.

గుమ్మడివలసలో ఏం చేశారు? ఆమెకి టక్కున గుర్తొచ్చింది. కొబ్బరికాయ కొట్టారు.

రెండేళ్ళ క్రితం మాట. మూఢాలు వచ్చేస్తున్నాయని, అవి వచ్చాక కొత్త పని మొదలుపెట్టకూడదని నరసింగరావు కంగారుపడ్డాడు. ఒకే రోజు యాభై నాలుగు ఊళ్ళకీ మనుషుల్ని పరుగెత్తించి, ఊరికో కొబ్బరికాయ కొట్టించి, ఒక్కో గునపం దెబ్బ వేయించాడు. అది సాఫ్ట్‌వేర్‌లో కూడా ఎక్కాలని పట్టుబట్టాడు. ప్రతి ఊరి పేరు కిందా మొదటి వరసలో 'ముహూర్తం' అని రాసి, పూర్తి అని టిక్కు పెట్టింది జగదీశ్వరే. నాలుగు వరసలుండేవి ఐదయ్యాయి.

కన్సల్టెన్సీ తరఫున ఈ కలిపే పని చూస్తున్న సంహిత విశాఖపట్నం నుంచి కాల్‌లోకి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, మాట నెమ్మది.

"సంహితా, మీ దాంట్లో ఒక్కో ఊరికి ఏమేం వరసలున్నాయమ్మా?"

"ఐదు మేడమ్. తవ్వకం, పైపులు, కుళాయిలు, నీటి పరీక్ష, అప్పగింత."

"మావీ ఐదే. ముహూర్తం, తవ్వకం, పైపులు, కుళాయిలు, నీటి పరీక్ష. దేన్ని దేనితో కలిపారు?"

కాసేపు కీబోర్డు చప్పుడు. తరవాత సంహిత గొంతు సన్నబడింది. "అయ్యో... ప్రోగ్రాం రాసినవాళ్ళకి తెలుగు రాదు మేడమ్. అక్కడా ఐదు, ఇక్కడా ఐదు అని అంకెలు చూసి కలిపేశారు. మొదటిది మొదటిదానితో, రెండోది రెండోదానితో. నేనూ చూసుకోలేదు."

"అంటే మేం కొబ్బరికాయ కొడితే, మీరు గొయ్యి తవ్వినట్టు రాసుకున్నారు."

"అవును మేడమ్."

ముప్పై ఒక్క ఊళ్ళకి నీటి పరీక్ష పచ్చగా ఉంది. అందులో నిజంగా నీళ్ళొస్తున్నవి పన్నెండు. మిగతా పంతొమ్మిది ఊళ్ళలోనూ కుళాయిల్లో గాలే; తాగడానికి ట్యాంకరే దిక్కు.

కామేష్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "పొద్దున్నే ఓనరుగారికి ముప్పై ఒకటని చెప్పేశానండి. ఆయన మీటింగులో అదే చెబుతారు."

"పన్నెండని చెప్పండి."

"మీకు చెప్పడం సులువే. సంహితగారూ, ముందు ఆమోదించేసి, ఆ పంతొమ్మిదీ తరవాత వెనక్కి తీసుకోవచ్చు కదా?"

"పచ్చబడినదాన్ని వెనక్కి తియ్యాలంటే ఒక్కో ఊరికీ ఫిర్యాదు పెట్టాలి సార్. కమిటీ చూడాలి. పదిహేను రోజులైనా పడుతుంది."

"ఆ పదిహేను రోజులూ వాళ్ళేం తాగుతారు?" అంది జగదీశ్వరి.

ఉన్నట్టుండి కామేష్ ముందుకి వంగి, ఆమె భుజం మీదుగా చెయ్యి చాచి తనే బటను నొక్కేశాడు. స్క్రీన్ మీద ఆరు చిన్న గళ్ళు తెరుచుకున్నాయి. టేబుల్ మీదున్న జగదీశ్వరి ఫోను టింగుమంది.

"ఓటీపీ చెప్పండి."

జగదీశ్వరి ఫోను తీసి, టిఫిను క్యారేజీ సంచిలో పడేసి, ఆ సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

"మేడమ్, నాతో పంతమా?"

"మీతో ఏం పంతం? మీ పేరుతో నొక్కుకోండి, నేను అడ్డురాను. నా పేరుతో అబద్ధం వెళ్ళదు."

"నా లాగిన్‌కి ఆ అధికారం లేదని మీకు తెలుసు."

"తెలుసు. అందుకే చెబుతున్నాను."

కామేష్ చెడ్డవాడేం కాదు. పంతులుగారి అబ్బాయి, చదువుకున్నవాడు, ఎవరినీ ఏకవచనంలో పిలవడు. పైనుంచి ఫోనొస్తే మాత్రం ఒళ్ళంతా చెవులైపోతాయి. "ఈ ఉద్యోగం మీకు అక్కర్లేదా?" అన్నాడు. అని, తనే తల దించుకున్నాడు.

"కావాలండి. చాలా కావాలి. పెళ్ళయిన పదమూడేళ్ళకి బీరువా అడుగునున్న బీకాం పట్టా దులిపి తెచ్చుకున్న ఉద్యోగం. ఏం ఎక్కిస్తే అదే నిజమని నమ్ముతారనే కదా, ఇన్నాళ్ళూ ఒక్క తప్పు లేకుండా ఎక్కించాను?" మంచినీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ బిగించింది. "సంహితా, మా వైపు ముహూర్తం వరస తీసేస్తే ఏమవుతుంది?"

"అప్పుడు మీవి నాలుగే కదా మేడమ్. తవ్వకం తవ్వకంతో, పరీక్ష పరీక్షతో సరిగ్గా కలుస్తాయి. అప్పగింత ఖాళీగా ఉంటుంది, ఉండాల్సింది కూడా అలాగే. కానీ ఊరుకోసారి విడివిడిగా తియ్యాలి. యాభై నాలుగు సార్లు. మూడింటిలోపు."

గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది.

"ముహూర్తం తీసేస్తారా!" కామేష్ నిజంగానే భయపడ్డాడు. "ఓనరుగారికి తెలిస్తే... ఆయనకి అది సెంటిమెంటండి. పని మధ్యలో ముహూర్తం తుడిచేస్తే అశుభం అంటారు."

"కొట్టిన కొబ్బరికాయ ఎవరు తుడిచినా పోదండి. దేవుడి దగ్గర ఉంది కదా, ఇంక కంప్యూటర్లో ఎందుకు? పైగా ఆ వరస రాసింది నేనే. నేనే తీస్తాను."

కామేష్ కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. "నేను టీకి వెళ్తున్నాను. నేనేమీ చూడలేదు," అని మెట్లు దిగిపోయాడు. అది భయమో, సాయమో ఆమె ఆలోచించలేదు.

ఊరు తెరవడం, మొదటి వరస పట్టుకోవడం, తీసెయ్యడం, నిజంగా తీసెయ్యాలా అని అడిగితే అవుననడం. ఊరికి నాలుగు నొక్కుళ్ళు. పదో ఊరికి చెయ్యి లయ అందుకుంది. ఇరవయ్యో ఊరి దగ్గర సాఫ్ట్‌వేర్ మొరాయించి తెల్లబోయింది. "కంగారుపడకండి మేడమ్, ఉంటుంది," అంటూ అటు నుంచి సంహిత ఊరు ఊరుకీ సరిచూస్తూ వచ్చింది. నీలమ్మపేట వచ్చినప్పుడు మాత్రం జగదీశ్వరి ఆగి, పక్క గడి చూసింది. ఎర్ర అక్షరాలు పోయాయి. ట్యాంకరు సరఫరా కొనసాగింపు.

రెండూ యాభై రెండుకి చివరి ఊరు అయింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. "టైమవుతోంది మేడమ్," అని సంహిత అంటున్నా యాభై నాలుగు ఊళ్ళూ చదివాకే సంచిలోంచి ఫోను తీసింది. కొత్త ఓటీపీ తెప్పించుకుని, ఆరు అంకెలూ తన చేత్తో కొట్టింది.

మూడూ ఇరవైకి ఫోన్ మోగింది. నరసింగరావు.

"ముప్పై ఒకటని సెప్పినాను నలుగురిలోనూ! తెర మీద పన్నెండు సూపించినారు. నా మొకం ఎక్కడెట్టుకోవాల? ఎవులు సేసినారది? ముహూర్తం కూడా తీసీసినారట!"

"నేనేనండి, జగదీశ్వరిని. కామేష్‌గారు వద్దన్నారు. నేను వినలేదు."

"ఎవర్నడిగి తీసినావమ్మా నువ్వు?"

"ఎవరినీ అడగలేదండి. పంతొమ్మిది ఊళ్ళకి ట్యాంకరు ఆగిపోయేది. ఒకటో తారీకున వాళ్ళు ఖాళీ బిందెలతో రోడ్డు మీదకొస్తే, అప్పుడు జనం వేలెత్తి చూపించేది తెర మీద అంకెల్ని కాదండి, మిమ్మల్ని. రేపు నీలమ్మపేట రండి. మీ చేత్తో మీరే కుళాయి తిప్పండి. నీళ్ళొస్తే ఆ యాభై నాలుగు ముహూర్తాలూ నేనే మళ్ళీ కూర్చుని రాస్తాను, ఈ ఉద్యోగం మానేసి మరీ రాస్తాను."

నరసింగరావు గొంతు తగ్గించాడు.

"ఆ నీలమ్మపేట... వాల్వు కాడ ఇంకా కారతన్నాదేటి?"

"కారుతోందండి."

"గంగరాజుకి సెప్పు, రేపు తొమ్మిదింటికి అక్కడుండమని. నువ్వూ రా. నీ సంగతి అక్కడే తేల్చుతాను." ఫోన్ పెట్టేశాడు.

అప్పటికి కామేష్ తిరిగొచ్చి ఉన్నాడు. ఒక గ్లాసు టీ ఆమె ముందు పెట్టాడు. "తేల్చుతానంటే ఏంటంటారు?" అన్నాడు చిన్నగా.

"రేపు తేలుతుంది లెండి. కుళాయి తిప్పాక నేను చెప్పాల్సిందేమీ ఉండదు."

సాయంత్రం ఎప్పటిలాగే గంగరాజు ఫోన్ చేశాడు. "ఏటి రాయమంతారమ్మా ఇయ్యాల? వాల్వు ఇంకా అవ్వనేదు."

"అవ్వలేదనే రాస్తాను."

కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో నీలమ్మపేట తెరిచి, నీటి పరీక్ష ఎదురుగా 'కాలేదు, వాల్వు లీకు' అని రాసింది. పక్క కిటికీలో కన్సల్టెన్సీ సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టుకుని, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది. నిమిషం గడిచింది. అక్కడ నీటి పరీక్ష ఎదురుగా, ఆమె వేలు పెట్టకుండానే, అదే మాట వచ్చి కూర్చుంది.

కాలేదు, వాల్వు లీకు.

జగదీశ్వరి చల్లారిన టీ తాగేసి, సంచి భుజాన వేసుకుంది.