గుంజ వదిలిన పెద్దకోడలు

మార్కాపురం తాలూకాలో గురవయ్య ఇంట్లో రోజూ పొయ్యి మీంచి సంగటి దించేసరికి గోడలు ముడుచుకోవడం మొదలయ్యేది. గుండె నెత్తురును నెట్టినట్టే ఆ ఇల్లు మనుషుల్ని నెట్టేది. మొదట వెనక గదులు రెండూ ముడుచుకుంటే జనం ముందు గదుల్లో పడేవాళ్ళు. వెనక తలుపులు టప్పుమని మూసుకునేవి. ఆనక ముందు గదులు ముడుచుకుంటే అందరూ బయటే. తలుపులు ఒక్కవైపే తెరుచుకునేవి. తలగుడ్డ మర్చిపోయినా సరే, చుట్టూ తిరిగి రావాల్సిందే. చెన్నపట్నం సర్కారు పంపిన సర్వే అమీను ఇంటిని ఎన్నిసార్లు కొలిచినా లెక్క కుదరలేదు. మజ్జిగ తాగి పోయినాడు.

నడిమి గోడకు కుడివైపు గదులు పెద్దకోడలు వెంకటసుబ్బులమ్మవి. చేలో అలిసి నల్లబడిన మొహాలన్నీ అటే వచ్చేవి. ఆమె గది వాళ్ళను పక్కనున్న కళ్ళం దాకా నెట్టేది, అంతే. కళ్ళంలో గాలి పోసుకొని, మొహాలు తేటపడి, వాళ్ళు ఎడమవైపు చిన్నకోడలు శ్రీశైలమ్మ గదుల్లోకి పోయేవాళ్ళు. ఆమె ముందు గదికి గోడలు మందం. ఒక్క నొక్కుకు అందరినీ కొండకింద కందిచేను దాకా విసిరేది. కోడళ్ళు మాత్రం తమ గదుల్లో గుంజలు పట్టుకొని కదలకుండా నిలబడేవాళ్ళు.

"నాకు చెమట కంపు, దానికి తేట మొహాలు. గోడలు గూడా దానికే మందం!" అని పెద్దామె ఉడికిపోయేది.

ఒకనాడు ఇంక పుట్టింటికి, త్రిపురాంతకానికి, పోదామని చీరలు మూట కట్టింది. పోయేముందు తోడికోడలికి బుద్ధి చెప్పాలని కళ్ళం వైపు తలుపుకు రోలు అడ్డం పెట్టింది. తనెట్ల బయటపడుతుందో మాత్రం తోచలేదు పాపం.

పొద్దెక్కేసరికి ఆమె గది కిక్కిరిసింది. అటు శ్రీశైలమ్మ గదులు ఖాళీ. వెంకటసుబ్బులమ్మకు ఎంత హాయి! అంతలో అత్త లక్ష్మీదేవమ్మ పెదాలు నేరేడుపండ్లైనాయి.

"అమ్మీ, గాలాడటం లేదే..."

పెద్దకోడలు బెదిరిపోయి, గుంజ వదిలి, రెండు చేతులా రోలు లాగేసింది. ఇల్లు ముడుచుకుంది. అందరితోపాటు ఆమె మూటతో సహా పోయి కళ్ళంలో పడింది. చల్లగాలి మెడకు తగిలింది, అత్త పెదాలు తేటపడినాయి. అక్కడినుంచి నేరుగా శ్రీశైలమ్మ గదిలోకి.

"ఏందక్కా, దారి తప్పినావా?"

"తేట మొహాలన్నీ నీకేగదా, చూసిపోదామని."

"మొహాలేం చేసుకునేది? కబుర్లన్నీ నీ కాడే చెప్పేసి వస్తారు. నేను నోరు తెరిచేలోపల ఎగిరిపోతారు. నిన్ను చూసి ఎంత కుళ్ళుకున్నానో తెలుసా?"

జవాబు చెప్పేలోపలే మందపు గోడలు నొక్కినాయి. అక్క చెయ్యి పట్టుకోబోయి శ్రీశైలమ్మా గుంజ వదిలింది. ఇద్దరూ కందిచేలో పడినారు. పెద్దామె మూట చంకనబెట్టి త్రిపురాంతకం దారి పట్టింది. ఆ ఇల్లు విసిరినవాళ్ళకు ఏ దారైనా తిరిగి ఇంటికే. సాయంత్రానికి నల్లబడిన మొహంతో తన గడపే తొక్కింది.

లోపల, ముందే వచ్చి ఆమె గుంజ పట్టుకొని శ్రీశైలమ్మ!

"నీళ్ళు తాగక్కా. దారిలో ఏం చూసినావో చెప్పు."

"అది నా గుంజే!"

"ఈ పూటకు నాది. నువ్వు పోయి ఆ మందపు గోడలు చూసుకో."

ఇల్లు ముడుచుకుంది. వెంకటసుబ్బులమ్మ ముందు గదిలోకి పోయింది, మూట వెనక గదిలోనే జారిపోయింది. చుట్టూ తిరిగి వచ్చి చూస్తే శ్రీశైలమ్మ మూట విప్పి చీరలన్నీ దండెం మీద వేసేసింది.