సీరియల్‌లో ఆసుపత్రి

సోయా మొలకల తోకలు తుంచుతున్న గ్వియోక్ చేతులు ఆగాయి. టీవీలో, స్నేహితురాలికి సీరియస్‌గా ఉందని తెలియగానే ఇద్దరు ఆడవాళ్లు ఆఫీసు వదిలేసి కారెక్కారు.

"వీళ్లకి జీతాలెవరిస్తున్నారు? ఒకత్తి ఏడిస్తే చాలు, మిగతా ఇద్దరూ పనీపాటా మానేసి ఊడిపడతారు!"

"పోనీ, చూడ్డం మానెయ్యి పిన్నీ," అంది ఆ వండిన కూరలమ్మే కొట్టు యజమానురాలు, ముల్లంగి కిమ్చీ పచ్చడి డబ్బాల్లో సర్దుతూ.

"మానను. తిట్టడానికైనా చూడాలి."

నీళ్లలో నాని నాని గ్వియోక్ గోళ్లు పచ్చబడ్డాయి, వేళ్ల కొసలు పగిలాయి. పక్కన ఖాళీగా ఉన్న పీట బొక్‌హీది. పడుచుతనమంతా ఒకే కుట్టు ఫ్యాక్టరీలో, ఆ తర్వాత బతుకంతా ఒకే అద్దెగదిలో గడిపారిద్దరూ. ఇప్పుడు బొక్‌హీ ఇంటెన్సివ్ కేర్‌లో ఉంది. స్నేహమంటే మేడ మీద వైన్ తాగడమని రాసేవాడికి, ఒక్క దుప్పటి కోసం చలికాలమంతా పోట్లాడుకోవడం ఏం తెలుస్తుంది?

టీవీలో ఆ ఇద్దరిలో ఒకామె ఆసుపత్రికి చేరి, "నేను తన చెల్లెల్ని" అంది. నర్సు వెంటనే తలుపు తీసింది. గ్వియోక్ ఛీ కొట్టింది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో ఆ మాటే తనూ చెప్పింది.

నర్సు తలెత్తి చూసింది. "ఆవిడ ఇంటిపేరు యూన్, మీది చే. పెళ్లయినా మన ఇంటిపేర్లు మారవు కదా, ఒక తండ్రి బిడ్డలకి రెండు ఇంటిపేర్లా పెద్దమ్మా? ఆ సీరియల్ మొదలైనప్పటి నుంచీ అందరూ చెల్లెళ్లే. కుటుంబంవాళ్లనే పంపాలి."

"కుటుంబమా! బుసాన్‌లో ఉన్న ఆ తమ్ముడు దాని మొహం చూసి ఎన్నేళ్లయిందో అడుగు. దాని కాళ్లు పిసికింది నేను. ఒక్కసారి కనబడి వచ్చేస్తానమ్మా."

నర్సు కళ్లు దించుకుంది గానీ తలుపు తియ్యలేదు. గ్వియోక్ బయట బెంచీ మీదే కూర్చుండిపోయింది.

సాయంత్రం తమ్ముడొచ్చాడు. లోపలికెళ్లి కాసేపటికే బయటికొచ్చాడు.

"పోయింది," అన్నాడు.

గ్వియోక్‌కి ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఆ తలుపు మీద, ఈ తమ్ముడి మీద, అందరికంటే ఎక్కువగా ఆ సీరియల్ రాసినవాడి మీద. స్నేహితురాల్ని లోపలికి పంపే ఆసుపత్రి ఒకటుంటుందని, అంత తిట్టిన తనని కూడా నమ్మించాడు వాడు.

నర్సు ఇచ్చిన సంచిలోంచి తమ్ముడు ఫోనూ పర్సూ తీసుకున్నాడు. "మిగతావి మీరే పారేయండి," అని సంచి ఆమె ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

అందులో చిన్న డబ్బా ఒకటుంది. గ్వియోక్ మూత తీసింది. ఇంకా తడి ఆరని బొక్‌హీ కట్టుడు పళ్లు.