వంటగదిలో అడ్డదారి

గిన్నెల స్టాండు ఎక్కడ బిగించాలో అత్తగారు గోడమీద పెన్సిలుతో గుర్తు పెట్టేశారు. డ్రిల్లు కూడా తానే పట్టుకున్నారు. కోడలు కరెంటు పనిచేసే మనిషి. పెళ్లికి ముందునుంచీ ఇళ్లకు వైరింగు వేస్తోంది. అప్పుడే పనినుంచి వచ్చి, "అత్తయ్యా, ఒక్క నిమిషం ఆగండి" అంటూ సంచిలోంచి గోడలోపలి వైర్లను పసిగట్టే పరికరం తీసింది.

దాన్ని స్విచ్‌బోర్డు నుంచి నేరుగా పైకి పోనిచ్చింది. అది కిక్కురుమనలేదు. పెన్సిలు గుర్తు దగ్గరికి రాగానే కీచుమంది. అక్కణ్ణుంచి ఏటవాలుగా ఫ్రిజ్ ప్లగ్గు దాకా కూస్తూనే ఉంది.

"ఎవరండీ ఈ వైరు లాగిన మహానుభావుడు?"

అత్తగారు హాల్లోకి చూశారు. అక్కడ మామగారు పేపరు చదువుతున్నారు. రిటైరైన బస్సు డ్రైవరాయన. ఫ్రిజ్ కొన్న రోజుల్లో ఆ పాయింటు స్వయంగా వేసుకున్నారు.

"నేనే. ఏం, ఇన్నేళ్లూ పనిచెయ్యలేదా?" పేపరు దించకుండానే అన్నారు. "అడ్డదారిన లాగితే సగం వైరు మిగిలింది."

"కోడలి పుణ్యమా అని నా ప్రాణమూ మిగిలింది" అన్నారు అత్తగారు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? స్టాండు జానెడు పక్కకి జరపండి."

"ఇవాళ మనకి తెలుసు మామయ్యా. రేపు ఇంకెవరో క్యాలెండరుకి మేకు కొడతారు. వాళ్లకెవరు చెప్తారు?"

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇంట్లో అందరికీ తెలుసు. కోడలు వాదించలేదు. వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"బస్సు నడిపే రోజుల్లో, దగ్గర కదా అని ఎప్పుడైనా పక్క వీధిలోంచి పోనిచ్చారా?"

"ఛ! రూటంటే రూటే. బస్సు ఎటునుంచి వస్తుందో స్టాపులో నిలబడ్డవాళ్లకి తెలియొద్దూ?"

అంటూ ఆయన పేపరు దించారు.

"వైరూ అంతే మామయ్యా. స్విచ్చుని చూసి, దాన్నుంచి తిన్నగా పైకో కిందికో, పక్కకో పోతుందనే ఎవరైనా అనుకుంటారు. ఆ దారి వదిలేసి మేకు కొడతారు. మీ వైరు సరిగ్గా అక్కడే ఎదురొస్తుంది."

మామగారు పేపరు మడిచారు. "రాంగ్ రూట్లో" అన్నారు నెమ్మదిగా.

బయటి ఇళ్లలో ఎంత గట్టిగానైనా చెప్పగలదు గానీ, మామగారి పనిని తప్పుపట్టడం కోడలికిదే మొదలు. ఆయన ఒప్పుకునేసరికి గుండె తేలికపడింది.

మర్నాడు మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టరుతో చూసుకుని, పాత వైరు తీసేసింది. బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకి, కప్పు కింద అడ్డంగా, మళ్లీ తిన్నగా ఫ్రిజ్ మీదికి, సింకు ఛాయలకు పోకుండా సుద్దతో గీతలు గీసింది. గాడి తానే తవ్వుతానని ఉలి, సుత్తి మామగారు లాక్కున్నారు.

"అంత పైన నేనెప్పుడూ మేకు కొట్టను కదే, అక్కడెందుకు తవ్వడం?" దుమ్ముకు కొంగు అడ్డం పెట్టుకుని అడిగారు అత్తగారు.

"కొట్టరు కాబట్టే, అత్తయ్యా!"

గాడిలో పైపు బిగించి, ఎర్తు వైరుతో సహా కొత్త వైర్లు లాగింది. పూత వేసేముందు గోడను ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపింది. పూత ఆరేదాకా ఫ్రిజ్ హాల్లోనే కాపురం చేసింది.

గోడ ఆరాక అత్తగారు నాలుగు రంధ్రాలూ తానే వేశారు. స్టాండు నిండా గిన్నెలు సర్దేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు.

డ్రిల్లు చప్పుడు విని పక్కింటాయన వచ్చాడు, తమ వంటింట్లోనూ అల్మారా బిగించుకోవాలి, డ్రిల్లు కావాలంటూ.

"ఇస్తాం, దానికేం" అన్నారు మామగారు, చెప్పుల్లో కాళ్లు దూర్చుతూ. "ముందు మీ స్విచ్చులెక్కడున్నాయో చూపించండి."