కాస్త తోడు

క్రిస్మసు వెళ్ళగానే సౌభాగ్యమ్మ గుడివాడ నుంచి పుట్టింటికి వచ్చింది. చేతిలో పెట్టె దింపకముందే, సముద్రం ఒడ్డున గుడారం వేసుకుని సోమవారం దాకా ఒక్కదాన్నే ఉండి వస్తానని చెప్పేసింది. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. ఏడాది పొడుగునా పిల్లల గోల వినీ వినీ, మనిషి మాట వినపడని చోటు ఎలా ఉంటుందో చూడాలని మనసయింది.

తల్లి మార్తమ్మ రోజంతా సణుగుతూనే ఉంది. ప్రభువు కూడా అరణ్యంలో ఒంటరిగా ఉన్నాడు కదా అని కూతురు నవ్వబోతే ఊరుకోలేదు.

"ఆయనకి దేవదూతలు పరిచర్య చేశారే. నీకెవరు చేస్తారు, యలమంద చేస్తాడా?"

యలమంద పడవవాడు. నది సముద్రంలో కలిసే చోట ఆవిణ్ణి దింపి, మళ్ళీ సోమవారం వెళ్ళి తీసుకొస్తాడు.

"అక్కడ అడగడానికి ఎవరూ ఉండరు. ఏం కావాలన్నా మనతోనే వెళ్ళాలి" అంది సౌభాగ్యమ్మ మేనకోడలు రాహేలుతో.

ఆ మాట రాహేలు గుండెల్లో తీయగా దిగింది. అడగనక్కర్లేని చోటు! ఆ పిల్ల ఎస్సెల్సీ చదువుతోందన్న మాటే గానీ నోట్లోంచి మాట పెగలదు. ఇంట్లో పెరుగు అడుగంటితే, తోడు తెమ్మని పక్కింటికి పంపేవాళ్ళు. రాహేలు గిన్నె పట్టుకుని దడి దగ్గర నిలబడేది. ప్రభావతి పిన్ని ఏ పనికో బయటికి వచ్చి చూసిందా, సరే. లేకపోతే ఆ పూటకి పెరుగు లేదు.

ఇక అత్తయ్య వెనకే నీడలా తిరిగింది. అగ్గిపెట్టె చెమ్మెక్కకుండా పౌడరు డబ్బాలో పెట్టింది. లాంతరు చిమ్నీని ముగ్గుతో తోమి, పాత చీరలో చుట్టింది. బియ్యం, చింతపండు, ఎండుచేపలు మూటలు కట్టింది. మంచు కురిసినా ఆగేటంత మందపాటి గొంగళి ఒకటి ఎండలో వేసింది. అన్నీ అయ్యాక ఉప్పు లేదని తేలింది. పోయేది సముద్రానికే కదా, మళ్ళీ ఉప్పెందుకనుకున్నానని రాహేలు నేలచూపులు చూస్తూ చెబితే, అత్తయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

కోత అయిన చేలో గుడారం వేసి చూశారు. యలమంద ఇచ్చిన పాత తెరచాపే గుడారం. ఇసకలో గుంజలు నిలవవని, తాళ్ళ కొసలకి కర్రముక్కలు కట్టి అడ్డంగా పాతిపెట్టడం సౌభాగ్యమ్మ అక్కడే సాధన చేసింది. ఆవిడ బయట తాళ్ళు బిగిస్తూంటే రాహేలు లోపలికి దూరి పడుకుంది. గుడ్డలోంచి వెలుగు తేనె రంగులో దిగుతోంది. చేపలు, తారు, ఎప్పటివో వానలు, అన్నీ కలిసిన వాసన. గాలికి తెరచాప ఉబ్బి, వాలి, మళ్ళీ ఉబ్బుతోంది. అది పాత అలవాటు కొద్దీ ఇంకా ఎక్కడికో వెళ్తూనే ఉందనిపించింది. వీపు కింద వరి కొయ్యకాళ్ళు గుచ్చుకోవడం మానేశాయి. నేల నెమ్మదిగా ఊగింది. తన చుట్టూ నీళ్ళే. ఎవరూ పిలవరు. ఎవర్నీ పిలవక్కర్లేదు.

కళ్ళు తెరిచేసరికి కోరిక గొంతులో కూర్చుని ఉంది. తనూ వెళ్ళాలి. అందుకు ఒక్క మాట అడగాలి. ఆ అడగడమే కదా రానిది.

బయల్దేరే పొద్దున ఊరంతా మంచులో మునిగింది. గడ్డివాములు మబ్బుల్లా తేలుతున్నాయి. సౌభాగ్యమ్మ దాకలో మెత్తటి అన్నం కలిపి, గోరువెచ్చటి పాలు పోసింది. ఉట్టి మీది పెరుగు ముంత దింపి చూసి, అలాగే నిలబడిపోయింది.

"తోడు లేకుండా ఎట్లా వెళ్ళేదమ్మా ఇప్పుడు" అంది.

గుమ్మంలో ఉన్న రాహేలుకి ఆ మాటొక్కటే వినిపించింది.

"నేనొస్తాను అత్తయ్యా."

ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

"పాలల్లో వెయ్యడానికి నువ్వెందుకే" అంది మార్తమ్మ. "మజ్జిగచుక్క కావాలి గానీ."

రాహేలు మొహం కందిపోయింది. వెళ్ళి గిన్నె అందుకుంది. సౌభాగ్యమ్మ నవ్వలేదు. పిల్ల వంక కొత్తగా చూసింది.

"నేను ఒంటరిగా ఉందామనే వెళ్తున్నానే. ఇప్పుడు తీసుకెళ్ళను" అంది. "సోమవారం యలమంద పడవలో నువ్వూ రా. ఆ రాత్రికి ఇద్దరం అక్కడే ఉండి, మర్నాడు వద్దాం. పడవ ఆపుతాడులే."

రాహేలు తల ఊపి బయటికి నడిచింది. మంచులో దడి కూడా కనపడటం లేదు. నిలబడితే తననెవరు చూస్తారు? ఇందాక బయటపడ్డ గొంతు ఇంకా వెచ్చగానే ఉంది.

"పిన్నీ, కాస్త తోడు వెయ్యవూ" అని కేక వేసింది.

ప్రభావతి పిన్ని ఆ గొంతు గుర్తుపట్టలేదు. ఎవరమ్మా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ రాహేలు తన పేరు చెప్పింది.

అత్తయ్య ఎక్కిన పడవ మంచులోకి వెళ్ళి, ముందు రంగు పోయి, తర్వాత చప్పుడు పోయింది. మధ్యాహ్నం ఎండ కాసేసరికి రాహేలు గుడారం వేసిన చోటికి వెళ్ళి, కర్రలు పాతిన నాలుగు గుంటల మధ్య పడుకుంది. నేల ఊగుతోంది. ఈ పాటికి ఇసక మీద, దాక మూత కింద, పాలు తోడుకుంటూ ఉంటాయి.